పల్లవి మొదటి మాట ఎందుకు మునిగిపోతోంది?

ప్రశ్న: సార్, మాది ఏలూరు. మా చెల్లెలు పాడుతుంది. ఇంట్లోనే రికార్డు చేసి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిక్స్ నేనే చేస్తాను. ఎక్కువగా భక్తి పాటలు, లలిత గీతాలు. గొంతు మీద ఎల్‌ఏ-2ఏ పద్ధతిలో చేసిన ఆప్టికల్ కంప్రెసర్ (గట్టి శబ్దాలను దానంతట అదే తగ్గించే పనిముట్టు) ప్లగిన్ వాడుతున్నాను. ఒక వీడియోలో చెప్పినట్టు పీక్ రిడక్షన్ 60లో పెట్టాను. ఎంత తగ్గిస్తోందో చూపే మీటరు ముల్లు పాట పొడుగునా 8, 10 డెసిబెల్స్ దగ్గరే ఉంటుంది. చరణం చివర పై షడ్జం నిలబెట్టి, ఊపిరి తీసుకుని పల్లవి అందుకునే చోట మొదటి మాట ప్రతిసారీ మునిగిపోతోంది. గెయిన్ పెంచితే ఆ మాట వినిపిస్తుంది గానీ పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. దీనికి అటాక్ (ఎంత త్వరగా నొక్కాలి), రిలీజ్ (ఎంత త్వరగా వదలాలి) నాబ్‌లే లేవు కదా, మరి ఏం సర్దాలి? ఇదే ప్లగిన్ మాస్టర్ (మొత్తం పాట వెళ్లే చివరి ట్రాక్) మీద కూడా పెట్టాను, పాట అంతా ఒక్క ముద్దగా కుదురుతుందని ఎవరో చెప్పారు. అసలు హార్డ్‌వేర్ కొంటే తప్ప ఆ సౌండ్ రాదా?

సమాధానం: మీ చెల్లెలి పాటలో లోపం ఏమీ ఉన్నట్టు లేదు. మైకు మార్చే పనీ లేదు. మీరు చెప్పిన లక్షణం ఆప్టికల్ కంప్రెసర్‌కి పుట్టుకతోనే ఉంది. పాట అంతా ఎక్కడా కుదుపు తెలియకుండా సాఫీగా ఉందని మనం మెచ్చుకునేది ఏ గుణాన్నో, పల్లవి మొదటి మాటను మింగేస్తున్నదీ ఆ గుణమే. కాబట్టి నాబ్ ఏ అంకె మీద పెట్టాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. ఈ కంప్రెసర్‌కి మనం సర్దగలిగింది దాని లోపల కంటే దానికి ముందే ఎక్కువ ఉంది. దానిలోకి ఏం పంపిస్తున్నాం, ఎంత పంపిస్తున్నాం అన్నదే మీ చేతిలో ఉన్న అసలు నాబ్.

ఎల్‌ఏ-2ఏని 1960ల మొదట్లో కాలిఫోర్నియాలోని పసడేనాలో జేమ్స్ లారెన్స్ అనే ఇంజనీరు తయారు చేశాడు. కంపెనీ పేరు టెలెట్రానిక్స్. రేడియోలో మాటో పాటో పోతుంటే ఒక మనిషి ఫేడర్ మీద చేయి వేసి, పెరిగినప్పుడు తగ్గించి తగ్గినప్పుడు పెంచుతూ కూర్చోవాలి. ఆ పని దానంతట అదే జరగాలని చేసిన పెట్టె ఇది. కంపెనీ కూడా దాన్ని లెవెలింగ్ యాంప్లిఫయర్ అనే పిలిచింది. తర్వాత టెలెట్రానిక్స్ చేతులు మారి 1967లో బిల్ పుట్నమ్ సంస్థకు చేరింది. 1176 అనే వేగమైన కంప్రెసర్‌ని తెచ్చింది కూడా ఆయనే, అదే ఏడాది. ఈ రెండూ ఇవాళ్టికీ ఒకే గొంతు మీద ఒకదాని వెనక ఒకటి కనిపించడానికి ఆ చుట్టరికం కొంత కారణం కావచ్చు.

పెట్టె లోపల టీ4 అనే చిన్న డబ్బా ఉంటుంది. దానిలో కరెంటు ఇస్తే వెలిగే ఒక పలక, దానికి ఎదురుగా వెలుతురు పడితే నిరోధం తగ్గే కాడ్మియం సల్ఫైడ్ సెల్ ఉంటాయి. గొంతు పెరిగితే పలక వెలుగుతుంది. వెలుగు పడగానే సెల్ నిరోధం పడిపోతుంది, శబ్దంలో కొంత భాగం అటు మళ్లిపోతుంది, బయటికి వచ్చే స్థాయి తగ్గుతుంది. ఇంతే దాని పని. అటాక్, రిలీజ్ నాబ్‌లు లేకపోవడానికి కారణం ఇదే. ఆ కాలాలను నిర్ణయించేది ఆ పలకా ఆ సెల్లూ. ప్లగిన్ రాసినవాళ్లు అనుకరించేదీ ఆ ప్రవర్తననే.

ఇక అంకెలు. అటాక్ సగటున 10 మిల్లీసెకన్లు. రిలీజ్ రెండు అంచెలు: తగ్గించిన దానిలో సగం 60 మిల్లీసెకన్లలో తిరిగి వస్తుంది, మిగతా సగం రావడానికి అర సెకను నుంచి 5 సెకన్ల దాకా పడుతుంది. ఆ అర సెకనా 5 సెకన్లా అన్నది అంతకుముందు వెలుగు ఎంత బలంగా, ఎంతసేపు పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మండుటెండలో నడిచి మ్యాట్నీ హాల్లోకి అడుగుపెడితే కుర్చీలు కనిపించడానికి కొంతసేపు పడుతుంది చూడండి. అర నిమిషం ఎండలో ఉండి వచ్చినవాడి కంటే గంట తిరిగి వచ్చినవాడికి ఎక్కువసేపు పడుతుంది. సెల్‌ది కూడా ఆ కన్ను లాంటి గుణమే.

ఇప్పుడు మీ చరణం దగ్గరికి వద్దాం. మీ చెల్లెలు పై షడ్జాన్ని మూడు నాలుగు సెకన్లు పట్టింది. అంతసేపూ పలక బాగా వెలుగుతూనే ఉంది, ముల్లు 10 దగ్గర ఉంది. స్వరం ఆగగానే సగం, అంటే 5 డెసిబెల్స్, వెంటనే తిరిగి వచ్చాయి. మిగతా 5 నింపాదిగా వస్తాయి. ఈలోగా ఆమె అర సెకనులో ఊపిరి తీసుకుని పల్లవి అందుకుంది. పల్లవి మధ్య స్థాయిలోనో మంద్రంలోనో ఉంటుంది, భక్తి పాట కాబట్టి మెత్తగా ఎత్తుకుంటుంది. అసలే చిన్నగా వచ్చిన ఆ మాటను కంప్రెసర్ ఇంకా మూడు నాలుగు డెసిబెల్స్ నొక్కి పట్టుకునే ఉంది. రెండో మాటకో మూడో మాటకో సెల్ తేరుకుంటుంది. అందుకే మునిగేది మొదటి మాట ఒక్కటే.

సినిమా పాటల్లో ఇది అంతగా బయటపడదు. చాలా పాటల్లో చరణానికీ పల్లవికీ మధ్య నాలుగు బార్ల బిట్టో తబలా తీర్మానమో ఉంటుంది, సెల్‌కి ఊపిరి దొరుకుతుంది. లలిత గీతాల్లో, భజనల్లో ఆ ఖాళీ ఉండదు, చరణం కొస నుంచి నేరుగా పల్లవిలోకి దూకేస్తాం. అదీగాక మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి పాట కొసల్లో పట్టి నిలిపేవన్నీ పొడుగాటి అచ్చులే. సెల్‌ని ఎక్కువసేపు వెలుగులో ఉంచేవి అవే. ఇంగ్లీషు రాక్ పాటకు వాడిన సెట్టింగు తెచ్చి మన కీర్తన మీద పెడితే కుదరకపోవడానికి ఇదొక కారణం.

పీక్ రిడక్షన్ 60 అన్న అంకెకు విడిగా అర్థం లేదు. ఈ కంప్రెసర్‌లో మీరు కదిపేది ఒక విధంగా త్రెషోల్డే, అంటే నొక్కుడు ఏ స్థాయి దగ్గర మొదలవ్వాలన్నదే. అది లోపలికి వచ్చే స్థాయి మీద ఆధారపడుతుంది. ఆ వీడియో చేసినాయన గొంతు మీ ఫైలు కంటే 8 డెసిబెల్స్ తక్కువలో రికార్డయి ఉంటే, ఆయన 60కీ మీ 60కీ పొంతన లేదు. ఇలాంటి ప్లగిన్లు చాలావరకు -18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ గరిష్ఠాన్ని సున్నాగా లెక్కించే కొలత) స్థాయిని పాత మీటరు సున్నాగా తీసుకుని చేసినవి. గొంతు సగటున ఆ చుట్టుపక్కల, పై మెరుపులు -10, -8 దగ్గర ఉండేలా లోపలికి పంపండి. రికార్డింగే -3 దాకా కొట్టుకుంటూ ఉంటే ముందు ఐటమ్ (ట్రాక్ మీద కనిపించే రికార్డింగ్ ముక్క) గెయిన్ దించి, తర్వాతే ప్లగిన్ తెరవండి. ప్రీసెట్‌లు కాస్తోకూస్తో పనికొచ్చేది అప్పుడే.

అసలు పని మైకు దగ్గర మొదలవుతుంది. పాతకాలంలో మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి వాయించేటప్పుడు, పై స్వరానికి వెళ్లేముందు మైకు నుంచి కాస్త వెనక్కి జరగడం గాయకుల విద్యలో భాగం. ఇప్పుడు ఇంట్లో పాడేవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కదలకుండా నిలబడిపోతున్నారు. మైకుకి జానెడు దూరంలో పాడుతున్న అమ్మాయి పై షడ్జానికి రెండు జానెల దూరానికి వెళ్తే, గది ప్రతిధ్వని సంగతి పక్కన పెడితే, స్థాయి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంత తగ్గుదల ఏ కంప్రెసర్ ఇచ్చినా ఏదో ఒక మూల్యం అడుగుతుంది, ఇది అడగదు. మరీ వెనక్కి వెళ్తే గది మోత వినిపిస్తుంది, గొంతు పలచబడుతుంది కూడా. కాబట్టి అడుగులు వేయక్కర్లేదు, నడుము పైభాగం వెనక్కి వంచితే చాలు. రాబోయే పాటలకు ఇది చెప్పండి.

ఇప్పటికే రికార్డయిన పాటకు మందు ఐటమ్ వాల్యూమ్. రీపర్‌లో పై షడ్జం మొదలయ్యే చోటా ముగిసే చోటా ఎస్ నొక్కి ఐటమ్‌ని ముక్క చేయండి. ఆ ముక్క పై అంచును కిందికి లాగి 3 డెసిబెల్స్ తగ్గించండి. అతుకుల దగ్గర చిన్న క్రాస్‌ఫేడ్ ఉంచండి. ముక్కలు చేయడం ఇష్టం లేకపోతే ట్రాక్ ఎన్వలప్‌లలో (పాట సాగుతుండగా స్థాయిని మార్చే గీతల్లో) ప్రీ-ఎఫ్ఎక్స్ వాల్యూమ్ అని ఒకటి ఉంది, దాని మీద గీయండి. మామూలు వాల్యూమ్ ఎన్వలప్ ఇక్కడ పనికిరాదు. అది ప్లగిన్ తర్వాత పనిచేస్తుంది కాబట్టి కంప్రెసర్‌కి ఈ మార్పు తెలియనే తెలియదు. కంప్రెసర్‌లోకి వెళ్లేముందు షడ్జం 3 తగ్గితే పలక అంత గట్టిగా వెలగదు, సెల్ అంత లోతుకి పోదు, పల్లవి వచ్చేసరికి తేరుకుని ఉంటుంది. ఆ తగ్గిన 3 పాటలో లోటుగా వినిపించదు. కంప్రెసర్ ఎలాగూ నొక్కేసేదాన్ని మీరు ముందే నొక్కారు, అంతే. పైగా స్వరం మొదట్లో వచ్చే ఆ గుచ్చుకునే అంచు కూడా తగ్గుతుంది.

పాట మొత్తం ఇలా ఒకసారి చూసుకోండి. గట్టి మాటలు కాస్త దించడం, మింగేసిన మాటలు కాస్త ఎత్తడం. విసుగు పుట్టే పనే, ఒక పాటకు అరగంట పడుతుంది. కానీ ఈ అరగంట పెట్టినవాళ్ల మిక్స్‌లో కంప్రెసర్ ఉన్నట్టే తెలియదు, పెట్టనివాళ్ల మిక్స్‌లో అదొక్కటే తెలుస్తుంది. ఈ పని చేసేటప్పుడు ఊపిరి శబ్దాలు కూడా చూడండి. కంప్రెసర్ తర్వాత గెయిన్ పెంచినప్పుడు ఊపిరీ పెరుగుతుంది. వాటిని పూర్తిగా కోసేయకండి, మనిషి పాడుతున్నట్టు ఉండదు. నాలుగైదు డెసిబెల్స్ దించితే చాలు.

ఇక ప్లగిన్ తెరవండి. దానికి ముందు ఒక ఈక్యూ పెట్టి 80 నుంచి 100 హెర్ట్జ్ లోపు శబ్దం కోసేయండి. ఆడ గొంతుకి అక్కడ పని లేదు. ఉండేదల్లా స్టాండు మీద తగిలిన చేయి, ఫ్యాను గాలి, భ, ఫ, ప పలికినప్పుడు మైకుకి కొట్టిన ఊపిరి. చెవికి పెద్దగా తెలియకపోయినా పలక వాటికి కూడా వెలుగుతుంది. స్తోత్రాల్లో వత్తక్షరాలు ఎక్కువ కదా, ముల్లు కారణం లేకుండా ఉలిక్కిపడుతుంటే ముందు అనుమానించాల్సింది వీటినే.

తర్వాత చరణంలో అన్నిటికంటే గట్టిగా పాడిన పాదాన్ని లూప్‌లో పెట్టండి. కంప్రెస్, లిమిట్ అనే స్విచ్ ఉంటే కంప్రెస్‌లో ఉంచండి. లిమిట్ దాని కంటే గట్టి పట్టు, గొంతుకి అది అక్కరపడటం అరుదు. పీక్ రిడక్షన్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ఆ గట్టి పాదంలో ముల్లు 5, మహా అయితే 6 తాకేదాకా వెళ్లి ఆగండి. ఇప్పుడు పల్లవి వినండి. అక్కడ ముల్లు 1 నుంచి 3 మధ్య ఆడాలి, ఊపిరి తీసుకునే చోట సున్నాకి రావాలి. నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఈ ఆఖరి విషయాన్నే. ముల్లు ఎంత లోతుకి పోయిందన్న దాని కంటే, ఇంటికి తిరిగి వస్తోందా లేదా అన్నది ముఖ్యం. మీ ముల్లు పాట పొడుగునా 8, 10 దగ్గరే ఉందంటే సెల్‌కి చీకటి అన్నదే దొరకలేదు. ఆ స్థితిలో కంప్రెసర్ పాటను అనుసరించడం మానేసి, మొత్తాన్ని ఒకే బరువు కింద పెట్టి కూర్చుంది.

ఆ తర్వాత గెయిన్. బైపాస్ నొక్కి వినండి, తీసి వినండి. రెండూ ఒకే గట్టిదనంతో వినిపించేదాకా గెయిన్ సర్దండి. ఇది సర్దకుండా బాగుందా బాగోలేదా అని తేల్చకండి. గట్టిగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, ఎంత అనుభవం ఉన్న చెవికైనా. కంప్రెసర్ వేయగానే గొంతుకి ప్రాణం వచ్చిందనే మాటల్లో సగం, గెయిన్ 4 డెసిబెల్స్ ఎక్కువ ఉండటం వల్ల వచ్చిన ప్రాణమే. సమానం చేశాక కూడా గొంతు కాస్త ముందుకు వచ్చినట్టు, పదాల కొసలు స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తే అది నిజమైన లాభం.

ఆ స్పష్టత ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెబుతాను. అటాక్ 10 మిల్లీసెకన్లు కాబట్టి ట, క, త లాంటి హల్లుల మొదటి చిటుకు, వెలుగు పూర్తిగా వచ్చేలోపే దాటిపోతుంది. నొక్కుడు పడేది తర్వాత వచ్చే అచ్చు మీద. అచ్చు తగ్గి హల్లు నిలబడితే సాహిత్యం బాగా అర్థమవుతుంది. దీనికి రెండో ముఖం ఉంది. స, శ, ష కూడా నిలబడిపోతాయి. అందుకని కంప్రెసర్ తర్వాత డీఎస్సర్ పెట్టి ఆ సకారాలు మాత్రమే తగ్గేలా తేలిగ్గా వాడండి. ఎక్కువైతే పాడే మనిషికి నత్తి వచ్చినట్టు ఉంటుంది. అలాగే హఠాత్తుగా వచ్చే మెరుపులను ఈ కంప్రెసర్ ఆపదు. కంప్రెసర్ పెట్టినా మీటరు ఎర్రగా కొడుతోందేమిటని చాలామంది అడుగుతుంటారు, కారణం ఇదే. అలాంటివి ఎక్కువ ఉంటేనే ముందు 1176 రకం వేగమైన కంప్రెసర్ ఒకటి పెట్టి 4:1 నిష్పత్తిలో, వేగమైన రిలీజ్‌తో, 2 డెసిబెల్స్ మాత్రం కోయించండి. దాని అటాక్ మైక్రోసెకన్లలో ఉంటుంది. ఆ పెట్టెలో అటాక్, రిలీజ్ నాబ్‌లు కుడికి తిప్పే కొద్దీ వేగం పెరుగుతుంది, అది మాత్రం గుర్తుంచుకోండి. మీరు చేసే లలిత గీతాలకు ఐటమ్ వాల్యూమ్ సర్దుకున్నాక రెండో కంప్రెసర్ అవసరం వస్తుందని నేననుకోను. ప్రైవేటు ఆల్బమ్‌లో ర్యాప్ ముక్కో జానపదంలో కేకో ఉంటే అప్పుడు చూద్దాం.

పై స్వరాలు గుచ్చుకోవడం గురించి ఒక చిట్కా. అసలు ఎల్‌ఏ-2ఏ పెట్టెకు ఆర్37 అని స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు ఉంది. ఎఫ్ఎమ్ ప్రసారాల అవసరం కోసం పెట్టింది. కొన్ని ప్లగిన్లు దాన్ని ఎంఫసిస్ అనో హైఫ్రీక్ అనో పైకి తెచ్చి నాబ్‌గా ఇచ్చాయి. ఫ్లాట్‌లో ఉంటే కంప్రెసర్ అన్ని శబ్దాలకూ ఒకేలా స్పందిస్తుంది. అక్కడి నుంచి తిప్పే కొద్దీ కింది శబ్దాలను తక్కువగా, పై శబ్దాలను ఎక్కువగా పట్టించుకుంటుంది. మీ దాంట్లో ఉంటే పావు వంతు తిప్పి పై షడ్జం దగ్గర వినండి. గొంతు లావు తగ్గకుండా గరుకు మాత్రం తగ్గవచ్చు. ఎంత తిప్పినా తేడా తెలియకపోతే ఫ్లాట్‌లోనే వదిలేయండి. కనిపించిన నాబ్ అల్లా తిప్పాలని లేదు.

రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. గొంతు ట్రాక్ మీదే కంప్రెసర్‌కి ముందు ఉంటే వెంటనే తీసేసి, గొంతును సెండ్ ద్వారా వేరే ట్రాక్‌కి కూడా పంపి అక్కడ పెట్టండి. ముందు ఉంటే గొంతు ఆగినప్పుడల్లా కంప్రెసర్ రివర్బ్ తోకను పైకి లేపుతుంది. ఆ తోక కూడా పల్లవి మొదటి మాట మీద దుప్పటి కప్పుతుంది.

ఇదంతా చేశాక కూడా ఒకటి రెండు చోట్ల మాట జారుతుంటే, అప్పుడు మామూలు వాల్యూమ్ ఆటోమేషన్‌తో ఆ మాటను 1, 2 డెసిబెల్స్ ఎత్తండి. సిగ్గుపడాల్సిన పని కాదు. పెద్ద పెద్ద మిక్స్‌లన్నీ చివరికి చేత్తో సర్దినవే. ఏ మాట జారుతోందో కనిపెట్టడానికి వాల్యూమ్ బాగా తగ్గించి, పక్క గదిలో వాళ్లు మాట్లాడుకుంటుంటే వినపడీ వినపడనట్టు ఉండే స్థాయిలో వినండి. గట్టిగా వింటే అన్ని మాటలూ వినిపిస్తాయి, చెవి తానే పూరించుకుంటుంది. సన్నగా వింటే నిజం బయటపడుతుంది.

మాస్టర్ మీద ఉన్నదాన్ని తీసేయండి. ఎందుకంటే మాస్టర్‌లో గొంతు ఒక్కటే లేదు. తబలా డగ్గా, ఢోలక్, బేస్, కీబోర్డు ప్యాడ్ అన్నీ ఉన్నాయి. శక్తి ఎక్కువ ఉండేది కింది శబ్దాల్లో. డగ్గా మీద దెబ్బ పడ్డప్పుడల్లా సెల్ వెలుగు చూసి మొత్తం పాటను నొక్కుతుంది, మొత్తం పాటలో మీ చెల్లెలి గొంతు కూడా ఉంది. గొంతు ట్రాక్‌లో మీరు అంత కష్టపడి సర్దిన సమతూకాన్ని మాస్టర్‌లో ఒక డగ్గా దెబ్బ చెడగొడుతుంది. దరువు వేగం పెరిగితే పని ఇంకా చెడుతుంది. నిమిషానికి 160 బీట్ల పాటలో ఒక బీటుకి 375 మిల్లీసెకన్లే. రిలీజ్ రెండో అంచెకు కనీసం అర సెకను కావాలి. అంటే రెండు దెబ్బల మధ్య అది తిరిగి రానే రాదు. ముల్లు 2 దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఆ పని మాస్టర్ ఫేడర్ 2 డెసిబెల్స్ దించితే ఇంకా శుభ్రంగా జరుగుతుంది. తీన్‌మార్ దరువుల మీదా డప్పు మీదా ఆప్టికల్ కంప్రెసర్ పెట్టి ఊపు రాలేదని బాధపడేవాళ్లుంటారు. ఆ ఊపు దాని దగ్గర లేదు.

అయినా మాస్టర్ మీద వాడే చోట్లు లేకపోలేదు. తాళవాద్యం తక్కువగా, వేణువు, వయొలిన్లు, ప్యాడ్‌లు ఎక్కువగా ఉన్న నెమ్మది పాట అయితే 1 డెసిబెల్, గట్టి చోట్ల 2 దాటకుండా పెట్టి చూడండి. ప్లగిన్‌లో సైడ్‌చెయిన్ హైపాస్ (కింది శబ్దాలకు కంప్రెసర్ స్పందించకుండా చేసే ఫిల్టర్) ఉంటే 120, 150 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, డగ్గా దాన్ని కదపకుండా ఉంటుంది. ఎడమ కుడి చానెళ్లు రెండూ లింక్ అయ్యాయో లేదో చూసుకోండి. లింక్ లేకపోతే కుడివైపు వయొలిన్ గట్టిగా వచ్చినప్పుడు కుడి ఒక్కటే తగ్గి, మధ్యలో ఉండాల్సిన గొంతు ఎడమకి జరిగినట్టు ఉంటుంది. మాస్టర్ కంటే మంచి చోటు మాత్రం గ్రూప్ ట్రాకులు. కోరస్ గొంతులన్నీ ఒక గ్రూప్‌లోకి పంపి దాని మీద 3, 4 డెసిబెల్స్ నొక్కితే నలుగురూ ఒక్కచోట నిలబడి పాడినట్టు వస్తుంది. కోరస్‌లో ఎవరి మొదటి మాట మునిగినా పట్టించుకునేవాళ్లుండరు కాబట్టి అక్కడ ధైర్యంగా నొక్కవచ్చు. వేణువుకి బాగుంటుంది. బేస్ గిటార్‌కి చాలా బాగుంటుంది. వీణకి మీటు పదునుగా నిలబడి, నాదం చదునుగా సాగుతుంది, కానీ గెయిన్ ఎక్కువైతే తీగల మీద వేళ్లు జారే గీత కూడా పైకి వస్తుంది, చూసి వాడండి. మృదంగం, తబలా జోలికి మాత్రం పోకండి.

పాట సినిమా పాటల పక్కన చిన్నగా వినిపిస్తోందన్న బెంగతోనే మాస్టర్ మీద ఇది పెట్టి ఉంటే, ఆ పనికి వేరే పనిముట్టు ఉంది. చివర్లో లిమిటర్ ఒకటి పెట్టి, ట్రూ పీక్ -1 దాటకుండా, లౌడ్‌నెస్ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ చుట్టుపక్కల ఉండేలా చూసుకోండి. యూట్యూబ్ అంతకంటే గట్టిగా ఉన్న పాటను తగ్గించి వినిపిస్తుంది, సన్నగా ఉన్నదాన్ని పెంచదు. భక్తి పాటను అంతకంటే గట్టిగా నొక్కి పంపితే లాభం ఏమీ లేదు, ఊపిరాడని పాట మిగులుతుంది.

హార్డ్‌వేర్ సంగతి. బిల్ పుట్నమ్ కొడుకులు 1999లో మళ్లీ తెరిచిన యూనివర్సల్ ఆడియో ఎల్‌ఏ-2ఏని ఇప్పటికీ చేతితో తయారు చేసి అమ్ముతోంది. చవకైన నకళ్లు కూడా వేరే కంపెనీలవి చాలా వచ్చాయి. బాగుంటాయి. ట్యూబులూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఇచ్చే చిన్న వెచ్చదనం గొంతుకి నప్పుతుంది కూడా. కానీ మీరు రాసిన సమస్యల్లో ఒక్కటీ దానితో తీరదు. నిజమైన సెల్‌కి కూడా ఆ జ్ఞాపకం ఉంటుంది, పల్లవి మొదటి మాటను అదీ మింగుతుంది. పైగా ప్లగిన్‌లో తప్పు పెడితే రేపు సరిదిద్దుకోవచ్చు, హార్డ్‌వేర్ గుండా రికార్డు చేస్తే నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది.

డబ్బు పెట్టాలనే ఉంటే గది మీద పెట్టండి. లెక్క చూడండి: కంప్రెసర్ 6 నొక్కి మీరు గెయిన్ 6 పెంచితే, ఆమె పాడని క్షణాల్లో గది మోత, ఏసీ చప్పుడు, హెడ్‌ఫోన్స్ నుంచి కారే శ్రుతి పెట్టె శబ్దం కూడా 6 పెరుగుతాయి. మందపాటి బొంతలు రెండు, వాటిని వేలాడదీయడానికి ఒక దండెం, చుట్టూ మూసుకునే రకం హెడ్‌ఫోన్స్ ఒకటి తెచ్చుకోండి. బొంతలు మైకు వెనక కట్టేస్తుంటారు చాలామంది. మీ మైకు కార్డియాయిడ్ రకమైతే అది వినేది పాడే మనిషి వైపు, ఆమె వెనకున్న గోడ వైపు. ముందు అటు కట్టండి.